ఓరుగల్లుకు రేవు ఎక్కడ? మోటుపల్లి నుంచి బందరు దాకా ఒక పాత లెక్క

క్లుప్తంగా: బందరులో కొత్త రేవు కడుతున్నారు. దానికి తెలంగాణను కలిపే డ్రైపోర్టు, రహదారి ప్రతిపాదనలు వార్తల్లో ఉన్నాయి. ఇవన్నీ కలిసిపోయి ఒకటే పథకంలా వినిపిస్తున్నాయి కానీ, వరంగల్ వైపు పంటకు, రాయికి, బట్టకు ఒక్కొక్కదాని వల్ల కలిగే ఫలితం వేరు. తీరం లేని ఈ ప్రాంతం ఎనిమిది వందల ఏళ్లలో రెండు రేవులను వాడుకుంది. అవి ఎందుకు నడిచాయి, ఎందుకు ఆగాయి అన్నది చూస్తే ఇప్పటి ప్రతిపాదనల్లో ఏది ముఖ్యమో తేలికగా తెలుస్తుంది.

సంక్రాంతి దాటిందంటే వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల మధ్య నడవడానికి దారి దొరకదు. కొత్తగా వెళ్లినవారు ఘాటుకు తుమ్ముతూ బయటికి వస్తారు. హమాలీలు మూతికి తువ్వాలు చుట్టుకుని పని చేసుకుపోతారు. అక్కడికి వచ్చే తేజ రకం మిర్చికి చైనా పెద్ద గిరాకీదారు. అంటే ములుగు, నర్సంపేట వైపు చేలలో కోసిన కాయలో కొంత చివరికి ఓడ ఎక్కుతుంది. ఎక్కడానికి ముందు దాదాపు మూడు వందల కిలోమీటర్లు నేల మీద ప్రయాణించాలి. వరంగల్‌కు సముద్రం అంతకంటే దగ్గరలో లేదు.

ఆ మూడు వందల కిలోమీటర్ల చివర ఉన్న ఊరు మచిలీపట్నం. వాడుకలో బందరు. బందరు అంటే పారశీకంలో రేవు అనే అర్థం. కొన్ని దశాబ్దాలుగా రేవు పని దాదాపు లేకుండానే ఆ ఊరు రేవు అనే పేరుతో బతుకుతోంది.

మూడు సంగతులు, మూడు దారులు

మొదటిది రేవు. మంగినపూడి, తపసిపూడి వైపు తీరంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీన్ని కడుతోంది. 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023 మేలో మరోసారి దీనికి కొబ్బరికాయలు కొట్టారు. ఇప్పుడు జరుగుతున్నది ఆ మూడో ప్రయత్నం. మొదటి దశలో నాలుగు బెర్తులు (సరుకు దించి ఎత్తడానికి ఓడలు నిలిచే చోట్లు), ఏటా సుమారు 3.5 కోట్ల టన్నుల సరుకు దించి ఎత్తగల సామర్థ్యం లక్ష్యంగా పెట్టుకున్నారు.

రెండోది డ్రైపోర్టు. పేరు వింటే నీళ్లు లేని రేవు అనిపిస్తుంది. ఒక విధంగా అదే. కస్టమ్స్ తనిఖీ, కాగితాలు, సీలు వేయడం వంటి పనులు సముద్రం ఒడ్డున కాకుండా లోతట్టునే పూర్తిచేసే చోటు ఇది. అక్కడ సీలు పడిన కంటైనరు రైలు మీద నేరుగా రేవుకు పోయి ఓడ ఎక్కుతుంది, మధ్యలో ఎవరూ తెరవరు. హైదరాబాద్ సనత్‌నగర్‌లో చాలా కాలంగా ఉన్న కంటైనర్ డిపో ఇలాంటిదే. ఇలాంటిదే మరింత పెద్దది కట్టి బందరుతో జోడించాలన్నది తెలంగాణ ప్రభుత్వ ఆలోచన.

మూడోది రహదారి. హైదరాబాద్ నుంచి అమరావతి మీదుగా బందరుకు గ్రీన్‌ఫీల్డ్ రోడ్డు, అంటే పాతదాన్ని వెడల్పు చేయకుండా కొత్త నేలమీద వేసే రోడ్డు, కావాలని తెలంగాణ కేంద్రాన్ని కోరుతోంది. ఇది కాక నాగ్‌పూర్ నుంచి మంచిర్యాల, వరంగల్, ఖమ్మం మీదుగా విజయవాడ చేరే మరో గ్రీన్‌ఫీల్డ్ రహదారి నిర్మాణంలో ఉంది. వార్తల్లో మొదటి రోడ్డుకు వచ్చినంత పేరు రెండోదానికి రాలేదు. వరంగల్‌కు అవసరమైనది మాత్రం రెండోదే. ఆ సంగతి తర్వాత.

మోటుపల్లి: ఓడ కంటే ముందు ఒక మాట

కాకతీయుల రాజధానికి సముద్రం ఎంత దూరమో ఇప్పటి వరంగల్‌కూ అంతే దూరం. అయినా ఆ రాజ్యానికి పేరున్న రేవు ఉండేది. ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం దగ్గరి మోటుపల్లి అది. అక్కడి వీరభద్రస్వామి ఆలయంలో గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. తీరాంధ్ర వాణిజ్య చరిత్రలో ఇంత తేటగా మాట్లాడే రాయి మరొకటి కనిపించదు.

శాసనం చెప్పే విషయం సూటిగా ఉంటుంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను మునుపటి రాజులు తమవిగా లాక్కునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకులకు ఆ అన్యాయం ఇక జరగదనీ, ముందే నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ గణపతిదేవుడు మాట ఇచ్చాడు. ఎగుమతికీ దిగుమతికీ సుంకం ముప్పైకి ఒకటి. శాతంలో చెబితే మూడుకు కాస్త ఎక్కువ.

దయ, కీర్తి, ధర్మం అనే మాటలు శాసనంలో ఉన్నాయి కాబట్టి దీన్ని ఔదార్యంగా చదివే అలవాటు ఉంది. లెక్కగా చదివితే మరో సంగతి బయటపడుతుంది. తుఫానుల తీరంలో ఓడ మునిగే ప్రమాదం ఎలాగూ ఉంది. మునగని సరుకును కూడా రాజు లాక్కుంటాడంటే వర్తకుడికి రెండో ప్రమాదం. మొదటిదాన్ని ఎవరూ ఆపలేరు, రెండోదాన్ని ఒక రాయి మీద నాలుగు మాటలతో ఆపవచ్చు. ఒక ఓడ సరుకు మొత్తం ఒకసారి గుంజుకోవడం కంటే వంద ఓడల మీద ముప్పయ్యో వంతు వసూలు చేయడంలోనే ఖజానాకు లాభం అని ఓరుగల్లులో ఎవరో లెక్క వేశారనే అనుకోవాలి.

శాసనంలోని సుంకాల పట్టిక ఇంకా ఆసక్తికరం. మంచిగంధానికి తూకం మీద సుంకం. కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలకు విలువ మీద. పోకలకు లక్షకు ఇంత అని లెక్క మీద. పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, ఒక్కొక్కటీ విడిగా రాశారు. దేన్ని తూచాలి, దేన్ని లెక్కపెట్టాలి, దేనికి వెల కట్టాలి అన్నది రాతిమీదే తేలిపోతే రేవులో సుంకరికి సొంత నిర్ణయానికి చోటు తగ్గుతుంది. ఇప్పటి కస్టమ్స్ పట్టికలు చేసే పని కూడా అదే.

ఈ రేవు గురించి బయటివారు రాసిందీ ఉంది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో దీన్ని ముత్‌ఫిలి అన్నాడు. అక్కడ ఒక రాణి న్యాయంగా పాలిస్తోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత పలుచని బట్టలు నేస్తారని చెప్పాడు. ఆ రాణి రుద్రమదేవే. చనిపోయిన రాజుకు ఆమెను భార్యగా చెప్పడం అతని పొరపాటు. ఆమె గణపతిదేవుని కూతురు. విన్న కబుర్లను కలిపి రాసేవారి దగ్గర ఇలాంటివి మామూలే. పాముల లోయలో మాంసపు ముక్కలు విసిరి, గద్దల చేత వజ్రాలు పైకి తెప్పించే కథ కూడా ఆ పక్కనే ఉంది.

1323లో ఓరుగల్లు పతనమైంది. మోటుపల్లి వెంటనే పడుకోలేదు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే ఊళ్లో మరో శాసనం వేయించి, పరదేశి వర్తకులకు మళ్లీ హామీలు ఇచ్చాడు. వారసుడు లేకుండా చనిపోయిన వర్తకుని ఆస్తిని రాజు తీసుకునే పద్ధతిని మానుకుంటామన్నది అందులో ఒకటి. శాసనాన్ని సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలోనూ రాయించారు. చదవాల్సినవాడు ఏ భాషవాడో అతని భాషలో చెప్పారన్నమాట. నూరేళ్లు దాటిన పాత అభయం పక్కన ఉండగా కొత్తది వేయాల్సి వచ్చిందంటే, మాట ఇచ్చిన రాజ్యం పోతే మాట కూడా పాతబడుతుందని వర్తకులు అనుకున్నట్టే.

గోలకొండకు బందరు

కుతుబ్‌షాహీల కాలానికి వ్యాపారం ఉత్తరంగా జరిగి కృష్ణ ముఖద్వారానికి దగ్గరలోని మచిలీపట్నం చేరింది. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, 1669లో ఫ్రెంచివారు అక్కడ కొఠీలు (వ్యాపార కేంద్రాలు) పెట్టారు. తూర్పు తీరంలో ఆంగ్లేయుల తొలి మజిలీ ఇదే. చెన్నపట్నం అప్పటికి ఇంకా లేదు. బర్మాలోని పెగూ, సుమత్రాలోని ఆచే, యెమెన్‌లోని మోఖా, పారశీక తీరంలోని బందర్ అబ్బాస్ దాకా ఇక్కడి ఓడలు తిరిగేవి. గోలకొండ మంత్రి మీర్ జుమ్లాకు సొంత ఓడలే ఉండేవి.

ఆ సందడి ఊరి పేటల పేర్లలో ఇంకా మిగిలి ఉంది. ఆంగ్లేయులు ఉన్న చోటు ఇంగ్లీషుపాలెం. ఫ్రెంచివారిని తెలుగువారు పరాసులు అన్నారు, అది పరాసుపేట. హాలండువారిని వలందులన్నారు, అది వలందపాలెం. ఆ పేర్లకు కారణమైనవారి సమాధులు కూడా ఊళ్లో ఉన్నాయి. డచ్చివారి శ్మశానంలోని చెక్కడపు రాళ్లు మూడు వందల ఏళ్లు దాటినవి.

ఈ రేవుకు సరుకు ఎక్కడి నుంచి వచ్చేది? ఇక్కడ తెలంగాణ కనిపిస్తుంది. ఇప్పటి ఖమ్మం జిల్లా చింతకాని దగ్గరి నాగులవంచలో 1670 ప్రాంతం నుంచి 1687 దాకా డచ్చివారి కొఠీ నడిచింది. 1953 దాకా ఆ ప్రాంతమంతా వరంగల్ జిల్లాలోనిదే. వారు అంత లోపలికి రావడానికి కారణం నీలి, బట్టలు. మరోవైపు ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసే ఉక్కు పారశీకులకు ప్రాణం. కత్తి మీద నీళ్ల మెరుపులాంటి చారలు తేలే ఉక్కు అది. గోలకొండ రేవుల నుంచి ఉక్కు పడమటికి పోయేది. 19వ శతాబ్దం మొదట్లో కూడా ఇస్ఫహాన్ వర్తకుడు స్వయంగా కోనసముద్రం వచ్చి దగ్గరుండి ఉక్కు చేయించుకున్న సంగతిని ఆంగ్ల వైద్యుడు వోయిసీ నమోదు చేశాడు. ఓరుగల్లు తివాచీలదీ ఇలాంటి కథే. పారశీక పద్ధతిలో ముడులు వేసే ఆ నేత కొత్త నేలమీద స్థిరపడి, 1851 లండన్ ప్రదర్శన దాకా వెళ్లింది. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందినవి మాత్రం ముడులు లేకుండా నేసే వరంగల్ జంపఖానాలు.

బందరు సొంత సరుకు అద్దకం బట్ట. ఇప్పుడు ఆ పని ఎక్కువగా పక్కనున్న పెడనలో సాగుతోంది. ముతక బట్టను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెడితే నలుపు వస్తుంది. పటిక అద్దిన చోట ఎరుపు పట్టుకుంటుంది. పాతకాలంలో ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. అచ్చులు టేకు చెక్కతో చెక్కుతారు. ఒక డిజైనుకు రంగుకో అచ్చు కావాలి, అచ్చు అచ్చుకూ గీత తప్పకుండా కలవాలి. అద్దిన బట్టను పారే కాలువలో ఉతికితేనే అదనపు రంగు పోయి గీత తేటపడుతుంది. డెల్టా కాలువలు లేకపోతే ఈ పనే లేదు. తీగలు, సైప్రస్ చెట్టు ఆకారాలు, పారశీక పూలు ఈ బట్ట మీదికి వచ్చిందీ గోలకొండ, ఇరాన్ కొనుగోలుదారుల కోసమే. అంటే ఒక ఊరి బట్టల అందం కూడా ఎవరు కొంటారన్న దానిమీద ఆధారపడి తయారైంది.

ఇంత సరుకు కదిలిన దారి మాత్రం గొప్పదేమీ కాదు. గోలకొండ నుంచి బందరు దాకా బండ్లు సాఫీగా పోలేవని, చెరువులూ కొండలూ అడ్డమని ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాశాడు. ఎద్దుల వీపుల మీదే సరుకు కదిలేది. దారి పొడవునా సుంకాలు కూడా ఉండేవి. ఇప్పుడు రోడ్డు అనే అర్థంలో వాడే రహదారి అనే మాట అప్పట్లో దారి సుంకానికీ, దారి చీటీకీ పేరు.

బురద, ఉప్పెన, రైలు

బందరు ఎందుకు ఆగిపోయింది అంటే ఎక్కువమంది 1864 ఉప్పెన అని చెబుతారు. ఆ ఏడు నవంబరు 1 రాత్రి సముద్రం మైళ్ల కొద్దీ లోపలికి వచ్చి, సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ దెబ్బ నిజమే. అయితే రేవు అప్పటికే నీరసించింది. ఉప్పెన ఒక్కటే కారణమైతే ఊరు కోలుకున్న తర్వాత రేవు కూడా కోలుకోవాలి.

అసలు కారణాల్లో మొదటిది నేల. కృష్ణ తెచ్చే ఒండ్రు వల్ల తీరం మెరకగా, అంటే లోతు లేకుండా, బురదగా ఉంటుంది. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసేవి. అక్కడి నుంచి ఒడ్డుకు సరుకును మసూలా పడవలు చేరవేసేవి. పలకలకు మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టిన పడవలవి. కెరటం కొట్టినప్పుడు పలకలు విడిపోకుండా వంగి సర్దుకుంటాయి. తెలివైన పనితనమే. కానీ ప్రతి బస్తా రెండుసార్లు ఎత్తి దించాలి. ఓడలు చిన్నవిగా ఉన్నంత కాలం ఆ ఖర్చు తెలియలేదు. ఆవిరి ఓడలు వచ్చి, లోతు ఎక్కువ కావలసి వచ్చేసరికి భారమైంది.

రెండోది రాజకీయం. 1759 ఏప్రిల్‌లో ఆంగ్లేయ సేనాని కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివారి నుంచి బందరు కోటను పట్టుకున్నాడు. హైదరాబాద్ పాలకుడు సలాబత్ జంగ్ బందరును, చుట్టుపక్కల ప్రాంతాన్ని ఆంగ్లేయులకు వదిలాడు. తర్వాత ఉత్తర సర్కారులు అనే తీరాంధ్ర జిల్లాలన్నీ వారి చేతికే పోయాయి. గోలకొండకు రేవుగా పుట్టిన ఊరు ఒక రాజ్యంలో, దాని సరుకు పండే నేల మరో రాజ్యంలో పడ్డాయి. 1802 వాణిజ్య ఒప్పందంలో నిజాం వర్తకులు మచిలీపట్నం రేవును స్వేచ్ఛగా వాడుకోవచ్చనీ, అక్కడ కొఠీ పెట్టుకోవచ్చనీ రాసుకున్నారు. కాగితం మీద హక్కు దొరికింది. దాంతో హైదరాబాద్ రాజ్యానికి రేవు దొరికినట్టు కాలేదు. 1947 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం గోవా రేవు కోసం పోర్చుగీసువారితో మంతనాలు జరిపిందంటే కొరత ఎంతగా మిగిలిందో తెలుస్తుంది.

మూడోది రైలు. నిజాం రైల్వే 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. బెజవాడ నుంచి 1899లో మద్రాసుకు దారి పడింది. సరుకు ఒకసారి రైలెక్కాక డెబ్బై కిలోమీటర్ల దూరంలోని మెరక రేవు దగ్గరా, మరికొన్ని గంటల దూరంలోని మంచి రేవు దగ్గరా అన్న తేడా చిన్నదైపోతుంది. 1933లో విశాఖపట్నం రేవు తెరిచాక బందరుకు మిగిలింది జిల్లా కేంద్రమనే హోదా, చదువులు, పత్రికలు. 1902లో కృష్ణాపత్రిక, 1910లో జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు, అన్నీ ఈ ఊరివే. రేవు తగ్గిన ఊళ్లో ఇంత పని జరగడం గమనించదగ్గది. వాణిజ్యం పోయినా దానితో వచ్చిన చదువరుల వర్గం పోలేదు.

ఉప్పు వచ్చేది, పత్తి పోయేది

రైలు రాకముందు తీరానికీ దక్కనుకూ మధ్య సరుకు మోసినవారిలో లంబాడీలు ముఖ్యులు. వేల ఎద్దుల బిడారులతో విదర్భ పత్తిని తీరంలోని నేతగాళ్లకు చేర్చేవారు. తిరుగు ప్రయాణంలో కొటారుల ఉప్పు తెచ్చేవారు. దక్కనులో ఉప్పు పండదు, తీరంలో అంత పత్తి పండదు. ఎద్దు వీపు రెండు వైపులా నిండి ఉంటేనే ఈ వ్యాపారం గిట్టుబాటు. 1860లలో బొంబాయి రైలు విదర్భ చేరాక పత్తి పడమటికి మళ్లింది. కిందికి పోయే బరువు తగ్గగానే ఉప్పు మోయడం కూడా ఖరీదైంది.

ఇప్పటి కంటైనరుకూ అదే సూత్రం. వరంగల్ నుంచి మిర్చి నింపుకుని పోయిన పెట్టె రేవు నుంచి ఏదో ఒక దిగుమతి సరుకుతో తిరిగి రావాలి. రాకపోతే ఖాళీ పెట్టెను లాక్కొచ్చే ఖర్చు మిర్చి మీదే పడుతుంది. అందుకే ఎగుమతిదారులు ఎంత దూరమైనా పెట్టెలు దండిగా దొరికే రేవుకే పోతారు. అంతేకాక, ఒక రేవుకు పెద్ద ఓడలు వారం వారం రావాలంటే అక్కడ తగినంత సరుకు పోగు కావాలి. సరుకు పోగు కావాలంటే ఓడలు రావాలి. కొత్త రేవులన్నీ మొదటి కొన్నేళ్లు ఈ చిక్కులోనే ఉంటాయి. బొగ్గు, ఎరువు, బియ్యం, రాయిలాంటి బరువు సరుకులకు ఈ ఇబ్బంది తక్కువ. వాటికి వారం వారం వచ్చే ఓడ అక్కర్లేదు, నింపడానికి ఒక ఓడ వస్తే చాలు. కాబట్టి బందరు నుంచి ఉత్తర తెలంగాణకు ముందుగా అందే లాభం పెట్టెల సరుకులో కాదు, బరువు సరుకులో ఉండే అవకాశం ఎక్కువ.

వరంగల్ వైపు నుంచి చూస్తే

కరీంనగర్ గ్రానైట్ ఇందుకు మంచి ఉదాహరణ. గుట్టలో కోసిన బండకు ఒక పక్క నంబరు, కొలతలు రంగుతో రాస్తారు. క్రేన్‌తో వ్యాగన్‌లోకి ఎత్తుతారు. అక్కడి నుంచి కాకినాడ రేవుకు, అక్కడి నుంచి ఎక్కువగా చైనాకు పోతుంది. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఫిలిప్పీన్స్‌కు పంపిన బియ్యం కూడా కాకినాడలోనే ఓడ ఎక్కింది. విజయవాడ దాకా దారి ఒకటే. అక్కడి నుంచి కాకినాడకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, బందరుకు అందులో సగం కూడా లేదు. టన్నుల కొద్దీ బరువుండే రాయికి నూరు కిలోమీటర్ల తేడా పెద్దదే. అయితే కాకినాడలో ఏళ్లుగా ఏర్పడిన ఏజెంట్లు, గోదాములు, మిల్లుల బంధం ఉంది. దూరం తగ్గినంత మాత్రాన సరుకు మళ్లదు.

ఉత్తర తెలంగాణ అంతా ఒకే తీరు అనుకోవడం కూడా పొరపాటే. ఆదిలాబాద్ పత్తికి, నిజామాబాద్ పసుపుకు రోడ్డు, రైలు, వ్యాపార సంబంధాలు పడమటి వైపు ఎక్కువ. బందరు పిలిచినా అవి తిరిగి చూడకపోవచ్చు. తూర్పు వైపు మొగ్గు ఉన్నవి వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్, కొంతవరకు కరీంనగర్.

ఈ జిల్లాలకు సంబంధించి తేలాల్సిన ప్రశ్న డ్రైపోర్టు ఎక్కడ అన్నది. హైదరాబాద్ శివార్లలో కడితే ఎనుమాముల మిర్చి ముందు నూట నలభై కిలోమీటర్లు పడమటికి పోయి, సీలు వేయించుకుని, మళ్లీ తూర్పుకు రావాలి. ఫ్యాక్టరీలు, ఔషధ కంపెనీలు ఉన్న హైదరాబాద్‌కు అది సరిపోతుంది. వరంగల్‌కు అది ముక్కును చుట్టూ తిప్పి పట్టుకోవడమే. కాజీపేటలో ఢిల్లీ, సికింద్రాబాద్, విజయవాడ వైపు లైన్లు కలుస్తాయి. అక్కడ వ్యాగన్ల కర్మాగారానికి 2023 జూలైలో శంకుస్థాపన జరిగింది. 2017లో గీసుగొండ, సంగెం మండలాల్లో మొదలైన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు పెరిగితే పెట్టెల్లో పోయే బట్ట అక్కడే తయారవుతుంది. చిన్నదైనా ఒక కంటైనర్ డిపో ఇటువైపు ఉంటే నాగ్‌పూర్–విజయవాడ రహదారికీ, రైలుకూ అది మధ్యలో పడుతుంది. హైదరాబాద్–బందరు రోడ్డు ఎన్ని వరుసలదైనా వరంగల్ సరుకు దాని మీదికి ఎక్కాల్సిన అవసరం లేదు. ఖమ్మం మీదుగా పోతే చాలు.

రైతుకు మిగిలేది ఎంత? రవాణాలో మిగిలిన రూపాయి ముందు ఎగుమతిదారు చేతిలో పడుతుంది. కొనుగోలుదారుల మధ్య పోటీ ఉన్నప్పుడే దానిలో కొంత యార్డు ధరలోకి వస్తుంది. శీతల గిడ్డంగుల్లో నిల్వ, చైనా గిరాకీ, ఆ ఏటి దిగుబడి, ఈ మూడూ మిర్చి ధరను ఊపినంతగా రేవు దూరం ఊపదు. రేవు వస్తే క్వింటాలుకు ఇంత పెరుగుతుందని చెప్పే లెక్కలను అందుకే జాగ్రత్తగా వినాలి.

బందరు వైపు

రేవు కట్టే చోట కూడా కొన్ని ప్రశ్నలు ఉన్నాయి. మెరక తీరంలో ఓడ దారిని ఒకసారి తవ్వితే సరిపోదు, ప్రతి ఏడూ పూడిక తీస్తూనే ఉండాలి. ఆ ఖర్చు రేవు రుసుములో కలుస్తుంది. తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. సముద్రంలోకి కట్టిన అడ్డుగోడ ఆ ఇసుకను దక్షిణం పక్కన ఆపితే ఉత్తరం పక్క ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో ఇది అనుభవంలోకి వచ్చింది. అక్కడ రేవులో తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. మంగినపూడి తీరంలోనూ, బందరు దగ్గరి గిలకలదిండి మత్స్యకారుల రాకపోకల మీదా దీని ప్రభావం ఎంత అన్నది గోడలు పూర్తయ్యాక రెండు మూడు వర్షాకాలాలు గడిస్తే గాని కనిపించదు.

పెడన అద్దకంవారికి రేవు దగ్గరపడటం వల్ల వెంటనే పెద్దగా ఒరిగేది లేదు. వారి సరుకు తేలిక, విలువ ఎక్కువ, ఏ రేవు నుంచైనా పోతుంది. కాలువలో నీళ్లు శుభ్రంగా పారడం వారికి అంతకంటే ముఖ్యం. పారిశ్రామిక వాడ వస్తే ముందు తెలిసేది ఆ నీళ్లలోనే. హోటళ్లు, లారీ మెకానిక్కులు, గోదాముల కాపలా, హమాలీ పని, ఇవి ఊళ్లోకి తొందరగా వస్తాయి. బెర్తుల మీద పనిలో మాత్రం యంత్రాలే ఎక్కువ. మసూలా పడవల కాలంలో ఒక ఓడను దించడానికి ఎంతమంది కావలసి వచ్చేవారో, ఇప్పటి క్రేను దగ్గర అందులో పదో వంతు కూడా అక్కర్లేదు.